గోడంత బావ

జూన్ 3

ఈ రోజు అక్క ఒక ఆర్డరు ఇచ్చింది. మా ఫోటో లాబ్‌కి రాలేదు. నన్నే ఇంటికి పిలిపించి, కూర్చోబెట్టి, టీ చేతికిచ్చి మరీ చెప్పింది.

"మీ బావ ఫోటో పెద్దది చేసి పెట్టరా."

ఎంత పెద్దదని అడిగాను. హాల్లో ఎదురుగా ఉన్న గోడ చూపించింది. గోడ మీద ఎక్కడ పెట్టాలని మళ్లీ అడిగాను.

"ఎక్కడో ఓ చోట కాదురా. గోడంత."

నేను నవ్వాను. అక్క నవ్వలేదు. నా చెవి వైపు చూస్తూ కూర్చుంది. ఈ మధ్య అక్క ఎవరితో మాట్లాడినా వాళ్ల చెవి వైపో భుజం వైపో చూస్తుంది. రెండు కళ్లలోనూ నడిమి చూపు పోయింది, అంచులు మాత్రం మిగిలాయి. మనిషి చెవులు, భుజాలు, వెనకున్న తలుపు అన్నీ కనిపిస్తాయట. మొహం ఉండాల్సిన చోట మాత్రం బూడిదరంగు మరక. మొహం ఆ మరకకన్నా పెద్దదైతే దాని చుట్టూ ఎక్కడో ఒకచోట బయటపడుతుంది కదా అని అక్క లెక్క. కళ్ల డాక్టరుని అడిగితే కాదనలేదు. "చేసేదేదో త్వరగా చేయండి, ఆ మరక ఎంతదాకా పాకుతుందో నేను చెప్పలేను," అన్నాడు.

"ఏ ఫోటో?" అన్నాను, తెలిసి కూడా.

"నవ్వేది."

నవ్వేది ఒక్కటే ఉంది.

జూన్ 4

బావ టౌన్ బస్సు డ్రైవరు. ఊరంతటితో నవ్వుతూ మాట్లాడేవాడు కానీ కెమెరా చూస్తే చాలు, పైఅధికారి ఎదుట నిలబడ్డట్టు బిగుసుకుపోయేవాడు. ఉన్న ఫోటోలన్నీ అవే. పెళ్లి ఫోటోలో కూడా ఎవరో బలవంతాన పట్టుకొచ్చినట్టే ఉంటాడు. ఆ ఒక్కటీ మటుకు, నేను మొట్టమొదటి డిజిటల్ కెమెరా కొన్న కొత్తలో, డిపోలో అతని బస్సు పక్కన నిలబడి మీటలు నొక్కి చూస్తుంటే దానంతట అదే పడింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి పగలబడి నవ్వుతున్నాడు. "ఏం బావమరిదీ, ఆ సబ్బుపెట్టెతో బట్టలుతుకుతావా?" అని అడిగి, తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

ఫైలు తెరిచి చూశాను. ముప్ఫై లక్షల పిక్సెళ్లు. ఇప్పుడు పిల్లలు ఆడుకునే ఫోన్లలో కూడా ఇంతకన్నా ఎక్కువుంటాయి. మా లాబ్ నియమం అంగుళానికి మూడు వందలు. ఆ లెక్కన ఈ ఫోటో ఏడంగుళాలకి అయిదంగుళాలు, అంటే అరచేతికి కాస్త పెద్ద. అక్క గోడ నిలువునా ఎనిమిది అడుగులు. అంగుళానికి ఇరవై ఒకటి వస్తాయి. ఒక్కో పిక్సెల్ ఆవగింజంత.

గోరంతను కొండంత చేయడమే నా వృత్తి, ఒప్పుకుంటాను. కానీ ఆ గోరైనా ఉండాలి కదా. పిండి కొద్దీ రొట్టె.

జూన్ 5

రిజల్యూషన్ చాలదు.

జూన్ 9

ఈ వారమంతా బావ కళ్లతోనే గడిచింది. పెద్ద పని దేనికైనా ముందు ముక్క ప్రింటు తీసి చూడటం మా పద్ధతి. మొత్తం బొమ్మ అసలు సైజులో ఎలా ఉంటుందో ఆ సైజులోనే అరచేతంత ముక్క తీసి, బల్ల మీద పెట్టి, భూతద్దంతో చూస్తాం. ముక్క బాగుంటేనే ప్రింటరుకి పెద్ద కాగితం రోలు ఎక్కించడం. ఎడమ కన్ను తీశాను. మూతి కొస తీశాను. మళ్లీ ఎడమ కన్ను. పదును పెంచి ఒకసారి, తగ్గించి ఒకసారి, గరుకు కాగితం మీద ఒకసారి. భూతద్దం కింద అన్నీ ఒకటే. గోధుమరంగు గళ్లు, నల్ల గళ్లు, బురద.

కటింగ్ బల్ల దగ్గర పనిచేసుకుంటున్న మా ఆవిడ వచ్చి ఒక ముక్క చేతిలోకి తీసుకుంది.

"ఏంటండీ ఇది, వానలో తడిసిన ఇటుకా?"

"బావ కనుబొమ్మ."

ముక్కని అటూ ఇటూ తిప్పింది. "అన్నయ్యగారు బతికుంటే ఏమనేవారో," అని తన పనికి తను వెళ్లిపోయింది.

మా ఆవిడకి ఫ్రేములు కట్టడం వచ్చు, కాగితం కోయడంలో ఆమె చేతికి సాటి లేదు. రిజల్యూషన్ సంగతి ఆమెకేం తెలుసు!

జూన్ 10

ఎడమ కన్ను మళ్లీ. చాలదు.

జూన్ 16

అక్క ఫోను చేసింది. ఫోటో ఎంతవరకొచ్చిందని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"ఒరేయ్, గడియారం పోయింది."

"ఎవరు ఎత్తుకెళ్లారు?"

"ఎవరూ ఎత్తుకెళ్లలేదురా. గోడ మీదే ఉంది, టిక్కుటిక్కుమంటూనే ఉంది. మొన్నటిదాకా మంచం మీంచి చూస్తే అంచున అంకెలైనా కనిపించేవి. ఈ పొద్దున మొత్తం మరకలోకి వెళ్లిపోయింది."

ఆ మాట మామూలుగానే అంది, పాలవాడు రాలేదని చెప్పినట్టు. నేను మాత్రం లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మొదట మొహాలు పోయాయి, ఇప్పుడు పళ్లెమంత గడియారం. ఆ తర్వాత తలుపా? కిటికీనా?

"ఫోటో పనిలోనే ఉన్నానక్కా. కాస్త సాంకేతిక సమస్య ఉంది," అన్నాను.

"సరే, నీ పని నీకు తెలుసు కదా," అంది.

నన్ను పెంచింది అక్కే. పెళ్లయి వెళ్లేటప్పుడు నన్నూ వెంటబెట్టుకెళ్లింది. "పెళ్లికూతురితో పెట్టె వస్తుందన్నారు, పెట్టెతో నువ్వొస్తావని ఎవరూ చెప్పలేదే," అని బావ నన్ను ఎన్నేళ్లు ఏడిపించాడో. ఏడిపిస్తూనే నా స్కూలు చెప్పులు కుట్టించాడు. అలాంటి మనిషిని వానలో తడిసిన ఇటుకలా గోడకి అతికించమంటే నాకు చేతులు రావు. అందుకే ఆలస్యం. ఇంకే కారణమూ లేదు.

జూన్ 21

దొరికింది! ఒక కొత్త సాఫ్ట్‌వేర్. చిన్న ఫోటో ఇస్తే లేని వివరాలను తనే ఊహించి నింపుతుంది. బావ ఫోటో ఇచ్చి కాఫీ తాగి వచ్చేసరికి ఎదురుగా మనిషి కూర్చున్నట్టు ఉన్నాడు. ఒక్కో వెంట్రుక లెక్కపెట్టొచ్చు. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా ఉన్నాయి. చర్మం మీద రంధ్రాలు కూడా ఉన్నాయి. ఎడమ కన్ను ముక్క తీసి భూతద్దం పెట్టాను. గాజుగోళీలా మెరిసింది!

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. మా ఆవిడని పిలిచి చూపించాను. చాలాసేపు చూసి, "బాగుంది," అంది. ఆ 'బాగుంది' నాకు నచ్చలేదు.

గోడకి ఎక్కించేముందు తలుపంత ప్రింటు తీసి అక్కకి ఒకసారి చూపిస్తాను.

జూన్ 24

తలుపంత ప్రింటు చుట్ట చుట్టి అక్క ఇంటికి పట్టుకెళ్లాం. నేనూ మా ఆవిడా చెరోవైపు పట్టుకుని విప్పి నిలబెట్టాం. అక్క దగ్గరికొచ్చి నిలబడింది. తల కొంచెం పక్కకి తిప్పింది. మళ్లీ ఇంకో పక్కకి తిప్పింది. అలా ఎంతసేపు చూసిందో. నా చేతులు నొప్పెడుతున్నాయి.

"బాగున్నాడు. దర్జాగా ఉన్నాడు. ఎవర్రా ఈయన?" అంది.

మా ఆవిడ వైపు నేను చూడలేదు.

"బావ, అక్కా."

"ఓ," అంది అక్క. "అవునవును, మీ బావే. వెలుతురు చాలక గుర్తుపట్టలేదు," అంది.

ఎండ హాలు నిండా ఉంది.

జూన్ 25

అక్క చూపు బాగా తగ్గిపోయింది. పాపం.

జూన్ 26

మా ఆవిడ ఈ రోజు నా కంప్యూటరు ముందు కూర్చుని, పాత ఫోటో, కొత్తది పక్కపక్కన పెట్టింది. పై పళ్ల మధ్య వేలు పెట్టి చూపించింది. బావకి ముందు పళ్ల మధ్య సందుండేది. ఆ సందులోంచి ఈల వేసి బస్సు ఎక్కేవాళ్లని తొందరపెట్టేవాడు. పాత ఫోటోలో అది రెండే రెండు నల్ల గళ్లు. సాఫ్ట్‌వేరు దాన్ని మచ్చ అనుకుని చక్కగా పూడ్చేసింది. పళ్ల డాక్టరు కూడా అంత చక్కగా పూడ్చలేడు.

ఆ తర్వాత ఒక్కొక్కటే కనిపించాయి. కళ్లు బావవి కావు, ఎవరో చదువుకున్న పెద్దమనిషివి. బుగ్గ మీది గీత తీసి నుదుటి మీద పెట్టింది. దానికి తెలిసిన వెయ్యిమంది మగాళ్ల మొహాల్లోంచి తలా కాస్తా తెచ్చి బావకి అంటించింది.

అక్క చూపులో లోపమేం లేదు. నిన్నటి పేజీ కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

జూలై 2

మళ్లీ మొదటి ఫైలే తీశాను. మళ్లీ లెక్క వేశాను. చాలదు.

జూలై 5

పొరుగూళ్లో ఫోటోల పని ఉంది, రెండు రోజులు అక్కడే ఉండాలి. హాయిగా ఉంది. అక్క ఫోను చేస్తే చెప్పడానికి ఒక కారణం దొరికింది.

జూలై 8

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా లాబ్‌కి వచ్చాను. నోట్లో సిగరెట్టు ఉంది. గేటు తీసి, వాకిలి దాటి, తలుపు తోశాను. లోపల, ఆ చివర గోడ మీంచి బావ నన్ను చూసి నవ్వాడు.

సిగరెట్టు వెనక్కి దాచాను.

యాభై దాటినవాణ్ని. బావ పోయి ఏళ్లయింది. అయినా నా చేయి దానంతటది వీపు వెనక్కి వెళ్లిపోయింది. వేళ్లు కాలాక కానీ నాకు స్పృహ రాలేదు. ఆ ఎత్తున, ఆ వెడల్పున, కిటికీలోంచి సగం బయటికొచ్చి పగలబడి నవ్వుతున్నాడు. పళ్ల మధ్య సందు ఉంది. ఈల ఇప్పుడో ఇంకాసేపట్లోనో వినిపించేటట్టుంది. అలాగే తలుపు దగ్గర నిలబడిపోయాను.

మా ఆవిడ నిచ్చెన మీద ఉంది. నేను లేనప్పుడు పాత ఫైలుని ఏమీ చేయకుండా, ఉన్నది ఉన్నట్టు, పోస్టర్లు తీసే చవక కాగితం మీద ఎనిమిది అడుగులు ప్రింటు తీసేసింది. మూడు నిలువు ముక్కలు. "రెండైతే అతుకు సరిగ్గా ముక్కు మీద పడుతుందండీ, అందుకే మూడు చేశాను," అంది, అదేదో అసలు విషయమైనట్టు.

నాకు ముందు కోపమే వచ్చింది. "నన్నడక్కుండా..." అని మొదలుపెట్టాను.

ఆమె నిచ్చెన దిగింది. ఆమెకి కోపం రావడం అరుదు, వస్తే గొంతు తగ్గుతుంది.

"నెల రోజులుగా ఆయన్ని ముక్కలు ముక్కలుగా చూశారు. కన్ను చూశారు, మూతి చూశారు, కనుబొమ్మ చూశారు. మనిషిని ఒక్కసారైనా మొత్తంగా చూశారా? అక్కడ వదిన గోడ మీది గడియారం కూడా పోయింది. మీరింకా భూతద్దం తుడుచుకుంటున్నారు."

బొమ్మ దగ్గరికి నడిచాను. దగ్గరికెళ్తే బావ లేడు. గళ్లు, బురద, వానలో తడిసిన ఇటుకలు. అన్నీ నాకు తెలిసినవే. నెల రోజులు తిట్టుకున్నవే. వెనక్కి ఒక అడుగు వేశాను. ఇంకా గళ్లే. ఇంకొకటి వేశాను. ఇంకొకటి. కటింగ్ బల్ల దాటానో లేదో, బావ నవ్వాడు.

ముందుకెళ్లాను, పోయాడు. వెనక్కొచ్చాను, వచ్చాడు. ఎక్కడ వస్తున్నాడో పట్టుకుందామని ఎన్నిసార్లు తిరిగానో. ఇదిగో ఇక్కడ గళ్లు, ఇదిగో ఇక్కడ బావ అని గీత గీద్దామంటే ఆ గీత చిక్కలేదు. ఇన్నేళ్లుగా ఫోటోలు తీసి బతికినవాణ్ని, ఇది నాకు తెలియదా? తెలుసు. దూరం పెరిగితే కన్ను గళ్లను కలిపేస్తుందని కొత్తగా చేరినవాళ్లకి పాఠం చెప్పేవాణ్ని కూడా. చెప్పాను కానీ ఎప్పుడూ ఇలా చూడలేదు. ఆవగింజలంత మచ్చలు. అందులో ఒక్కటి కూడా బావ కాదు. అన్నీ కలిస్తే నేను సిగరెట్టు దాచాను!

మా ఆవిడ నన్ను చూస్తూ నిలబడింది. నా కళ్లలో నీళ్లు ఆమెకి కనిపించే ఉంటాయి. కనిపించనీ.

జూలై 9

ఒక భయం పట్టుకుంది. మాకు కళ్లున్నాయి కాబట్టి వెనక్కి జరిగితే కనిపించాడు. అక్క వెనక్కి జరిగితే మొహం చిన్నదై మరకలోకి వెళ్లిపోతుంది. దగ్గరికి జరిగితే గళ్లు. ఆమె ఎక్కడ నిలబడాలి?

మా ఆవిడని అడిగాను. "తీసుకెళ్తే ఆవిడే చూసుకుంటుంది," అంది.

జూలై 10

మూడు ముక్కలూ అక్క గోడకి అతికించాం. పని అయ్యేదాకా అక్కని లోపల గదిలో కూర్చోబెట్టాం. "ఇంకా ఎంతసేపురా, నాకేమన్నా పెళ్లిచూపులా?" అని రెండుసార్లు అరిచింది.

బయటికొచ్చింది. గోడకి ఎదురుగా, చేయి చాపితే గోడ అందేంత దూరంలో నిలబడింది. సూటిగా చూసింది.

"ఏదీ?"

మా ఆవిడ నా మోచేయి పట్టుకుంది.

అక్క సూటిగా చూడటం మానేసింది. మెల్లగా మొహం కిటికీ వైపు తిప్పింది. కిటికీలో ఏమీ లేదు, ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పటి తప్ప. ఆ దుప్పటినే చూస్తూ నిలబడింది. కాసేపటికి ఆమె చేయి లేచి జుట్టు సర్దుకుంది. చెవి పక్కన చెదిరిన వెంట్రుకల్ని వెనక్కి దోపుకుంది.

"నవ్వింది చాలు గానీ, ఆ కాలరు సరిచేసుకో," అంది.

నేను గోడ వైపు చూశాను. చొక్కా కాలరు ఒకవైపు లోపలికి మడతపడి ఉంది. నెల రోజులు ఆ ఫోటోలో బతికినవాణ్ని, నాకు కనిపించలేదు.

గళ్లు కనిపిస్తున్నాయా అని అడిగాను. "ఏ గళ్లురా?" అంది. అప్పుడు అర్థమైంది. మిగిలిన ఆ అంచు చూపుకి అంత సన్నటివి పట్టే శక్తి లేదు. కళ్లు బాగున్న మాకు గళ్లు కనిపించే దగ్గరతనంలోనే ఆమెకి మనిషి కనిపిస్తున్నాడు. అంగుళానికి ఇరవై ఒకటి ఆమెకి చాలు. చాలడమేంటి, ఎక్కువే. నేను పెట్టుకున్న మూడు వందలు ఎవరి కోసం?

అక్క చాలాసేపు అలా కిటికీని చూస్తూ బావని చూసింది. అంత పెద్ద నవ్వు ఎదుట మాట్లాడటం తప్పనిపించింది.

తర్వాత కుర్చీలో కూర్చుని, "పనిచేస్తోంది," అంది.

"ఏంటక్కా?"

"ఈ ఉపాయం. ఆయన మొహం నాకు కళ్లు మూసుకున్నా వస్తుందిరా. మరిచిపోతానని అడగలేదు. తెలిసిన మొహంతో మొదలుపెడితేనే కదా, నా కన్ను నిజం చెబుతోందో అబద్ధం చెబుతోందో తెలిసేది. అందుకే ముందు ఆయన్ని అడిగాను. ఆ దర్జా మనిషిని తెచ్చిన రోజు ఇక లాభం లేదనుకున్నాను. కళ్లు పూర్తిగా పోయాయనుకున్నాను."

ఆ రోజు ఆమె అబద్ధం చెప్పింది నా మనసు కష్టపెట్టకూడదని. ఆ తర్వాత ఇన్ని రోజులూ ఒక్కతే ఆ మాట మోసింది.

"ఇప్పుడు తెలిసింది, నమ్మొచ్చని. ఇక నీది పెట్టు," అంది.

"నాదా?"

"మరి? నీ మొహం చూసి ఏడాది దాటింది. దగ్గరికి లాక్కుని చూద్దామంటే ఒక్కచోట నిలబడవు. వాగుతూ తిరుగుతావు. నాకు నీ చెవులు తప్ప ఏమీ మిగల్లేదు."

జూలై 11

లాబ్‌లో స్టూలు మీద కూర్చున్నాను. ఊళ్లో అందరికీ గడ్డం ఎత్తండి, భుజం దించండి అని చెప్పేవాణ్ని. నా భుజాలు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. బావలాగే బిగుసుకుపోయాను.

"ఏ కెమెరాతో తీయను?" అంది మా ఆవిడ.

"నీ చేతికి ఏది దొరికితే దానితో."

తన ఫోను తీసింది. "ఆ మొహమేంటండీ, వానలో తడిసిన ఇటుకలా," అంది. నవ్వొచ్చింది. నొక్కేసింది.

జూలై 14

బావకి పక్క గోడ మీద నన్ను అతికించాం. ముక్క ప్రింటు తీయలేదు. భూతద్దం పట్టుకోలేదు.

అక్క వచ్చి నిలబడింది. మొహం కిటికీ వైపు తిప్పింది. నేను ఆ గోడ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాను, మార్కులు చెప్పే రోజు బడిలో నిలబడ్డట్టు.

అక్క తల ఇంకొంచెం పక్కకి తిప్పింది.

"ఒరేయ్, ముసలాడివైపోయావురా," అంది. "ఎప్పుడు?"

"ఈ మధ్యనే అక్కా."

"మరి నాకు చెప్పలేదేం?"

ఆమె దగ్గరికి వెళ్లబోయాను. చేయి ఎత్తి ఆపింది.

"కదలకు. ఇంకా చూడ్డం అవలేదు," అంది, కిటికీ వైపే చూస్తూ.